సింహాసనం కాజేసినవాడి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ నవల రాతప్రతి చదివాను. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నీ రాజు మొదటి పేజీలోనే చచ్చిపోయాడు. కథలో కాదులే, కథలో 1177 దాకా బతికే ఉన్నాడు. కానీ కంబోడియా రాజు త్రిభువనాదిత్యవర్మ మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చినప్పుడే అతని కళ్ళల్లో పాపభీతి పెట్టావు, నుదుటికి చెమటలు పట్టించావు, బయట నక్క చేత ఊళ వేయించావు. ఇక పాఠకుడికి పనేముంది? వీడు దొంగ, వీడికి మూడింది అని తెలిసిపోయింది. మిగతా పేజీలన్నీ ఆ మూడే ముహూర్తం కోసం ఎదురుచూడటమే.

బాగున్నవీ చెప్పాలి. వాక్యం శుభ్రంగా ఉంది. చారిత్రక నవల అనగానే మనవాళ్ళకు పూనకం వచ్చి వాడే బరువైన సమాసాలు నీ దగ్గర తక్కువే. అన్నిటికంటే నీ ఎంపిక నచ్చింది. కంబోడియాను ఏలిన ఖ్మేర్ రాజుల మీద రాయాలనుకున్నవాళ్ళంతా అంగ్‌కోర్ వాట్ కట్టించిన రెండో సూర్యవర్మనో, బాయోన్ గుడి కట్టించిన ఏడో జయవర్మనో పట్టుకుంటారు. నువ్వు ఆ ఇద్దరి మధ్య, 1165 ప్రాంతంలో గద్దెనెక్కి పన్నెండేళ్ళ లోపే పోయినవాణ్ణి పట్టుకున్నావు. ఇంత పొడుగు ఉత్తరం రాయడానికి కారణం అదే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ఈ మనిషి గురించి మనకు తెలిసింది ఎవరు చెబితే తెలిసింది? ఇతనికి ముందు ఏలిన రెండో యశోవర్మ రాజ్యమూ ప్రాణమూ ఇతని వల్లే పోయాయని శాసనాలు చెబుతాయి. ‘రాజ్యాధికారం మీద ఆశపడ్డ సేవకుడు’ అన్న అర్థంలో ఒక మాట పడేస్తాయి. ఆ శాసనాలు ఏడో జయవర్మ పాలనలో చెక్కినవి. అంటే ఇతను పోయాక, పొరుగున ఇప్పటి వియత్నాం వైపు ఉన్న చంపా రాజ్యపు చామ్‌ల చేతిలో దేశం నలిగాక, 1181లో పట్టాభిషేకం చేసుకున్న రాజు హయాంలో. గెలిచినవాళ్ళు రాసుకున్న వాంగ్మూలం అది. అవతలి పక్షం మాట మన చేతికి రాలేదు.

అందులో ముఖ్యమైనది అంగ్‌కోర్ రాజప్రాసాదంలోని ఫిమెయానకస్ గుడి దగ్గరి శాసనం. దాన్ని నువ్వు చదివావని రాతప్రతి చూస్తేనే తెలుస్తోంది, కానీ హడావిడిగా చదివావు. అది జయవర్మ రాణి ఇంద్రాదేవి సంస్కృతంలో అల్లిన కావ్యం. ఆవిడ పండితురాలు, బౌద్ధ విహారంలో ఆడవాళ్ళకు చదువు చెప్పింది. కావ్యం రాసింది రాజకీయం చెప్పడానికి కాదు, చనిపోయిన చెల్లెలు జయరాజదేవిని తలుచుకోవడానికి. ఆ చెల్లెలే జయవర్మ మొదటి భార్య. ఆమె పోయాక ఆమె అక్క ఇంద్రాదేవిని ఆయన పెళ్ళి చేసుకున్నాడు. భర్త చంపాలో ఉండిపోతే జయరాజదేవి వ్రతాలతో చిక్కిపోయిన తీరు, బుద్ధుడి బాట పట్టి దుఃఖాన్ని దిగమింగిన తీరు, తల్లులు వదిలేసిన ఆడపిల్లల్ని చేరదీసి పెంచిన తీరు, జాతక కథల్ని ఆడించిన తీరు, ఇవన్నీ అందులో ఉన్నాయి. యశోవర్మకు సాయంగా జయవర్మ పరుగున వచ్చేసరికే పని అయిపోయిందనీ, దేశాన్ని ఉద్ధరించే మంచి గడియ కోసం ఆయన ఆగాడనీ వస్తుంది. మన కథానాయకుడికి ఆ కావ్యంలో దక్కిన చోటు చూశావా? విలన్ వేషం కూడా కాదు. ఒక ఇల్లాలి మొగుడు మంచి గడియ కోసం కాచుకుని ఉండాల్సి రావడానికి కారణమైనవాడు, అంతే.

ఆ శాసనంలోనే చామ్ రాజు జయ ఇంద్రవర్మ రావణుడిలా గర్వించి, రథాల మీద సైన్యాన్ని ఎక్కించుకుని, స్వర్గంలాంటి కంబుజ దేశం మీదికి వచ్చాడని ఉంది. ఈ ధోరణి మనకు కొత్త కాదు. మన రాజుల సంస్కృత శాసనాల్లోనూ శత్రువు ఎప్పుడూ రావణుడే, దానమిచ్చిన ప్రభువు ఎప్పుడూ రాముడే. కాబట్టి తెలుగు పాఠకుడు ప్రశస్తిని ప్రశస్తిగా పోల్చుకోగలడు. నువ్వు మాత్రం దాన్ని కళ్ళతో చూసినవాడు చెప్పిన సాక్ష్యంగా నవల్లోకి దించేశావు. ఎనిమిదో అధ్యాయంలో నీ చామ్ రాజు నిజంగానే మీసం మెలేసి అట్టహాసం చేస్తున్నాడు.

‘అన్యాయంగా రాజైనవాడు’ అన్న ముద్ర ఎవరి మీద పడుతుంది, ఎవరి మీద పడదు అన్నది ఒకసారి ఆలోచించు. రెండో సూర్యవర్మ ఎలా రాజయ్యాడు? 1113 ప్రాంతంలో తన బంధువు మొదటి ధరణీంద్రవర్మ మీదికి యుద్ధానికి వెళ్ళి, ఆయన ఎక్కిన ఏనుగు తల మీదికి దూకి, ఆయన్ని చంపి. కొండ అంచున గరుడుడు పామును చంపినట్టు చంపాడని శాసనం మురిసిపోతుంది. అంతకు వందేళ్ళ ముందు మొదటి సూర్యవర్మ, జయవీరవర్మ అనే రాజుతో ఏళ్ళ తరబడి కొట్టుకుని గద్దె సంపాదించాడు. వీళ్ళను మనం గొప్ప రాజులంటాం. పక్కనున్నవాళ్ళను పొడిచి రాజులైన ఆ వంశాల మధ్య ఒక్క త్రిభువనాదిత్యవర్మే దొంగ ఎందుకయ్యాడు? అతని తర్వాత అతని తరఫున రాయి చెక్కించేవాడు లేకపోయాడు. నీ నవలకు ఇరుసు ఇక్కడుంది. నువ్వు దాన్ని వదిలేసి నక్క ఊళ దగ్గర ఆగిపోయావు.

అలాగని అతన్ని మంచివాణ్ణి చేసేయకు. అది ఇంకో సుళువైన దారి, ఈ మధ్య ఫ్యాషన్ కూడా అయింది. రావణుణ్ణి నాయకుణ్ణి చేస్తే సరిపోయిందనుకుంటారు. తిరగేసిన చొక్కా కూడా ఆ చొక్కాయే. అతను యశోవర్మను చంపించి ఉంటే చంపించాడు. దానికి నీ పుస్తకంలో పేదల కన్నీళ్ళనో, చిన్నప్పుడు జరిగిన అవమానాన్నో సాకుగా పెట్టకు. మూడో అధ్యాయంలో అతని తల్లిని రాజభటులు కొట్టే సీను ఉంది చూడు, అది పూర్తిగా తీసెయ్. దానికి ఆధారం లేదన్నది ఒక సంగతి. అది లేకుండా అతను ఇంకా ఆసక్తిగా ఉంటాడన్నది అసలు సంగతి.

మరి ఏం రాయాలి అంటావు. భయం రాయి, కానీ దానికి ఒక చోటు ఇవ్వు. ‘మంత్రులు భయంతో వణికిపోయారు’ అని నువ్వు ఐదో అధ్యాయంలో మూడుసార్లు రాశావు. దేనికి వణికారు? నీకు ఒక గుమ్మం చూపిస్తాను. అంగ్‌కోర్ రాజప్రాసాదం తూర్పు గోపుర ద్వారం లోపలి గోడల మీద, 1011లో మొదటి సూర్యవర్మ అధికారుల చేత చేయించిన ప్రమాణం చెక్కి ఉంది. నాలుగు వేల దాకా పేర్లున్నాయి. ఇంకో రాజును కొలవం, శత్రువుతో చేతులు కలపం, యుద్ధంలో ప్రాణం దాచుకోం, మాట తప్పితే సూర్యచంద్రులున్నంత కాలం ముప్పై రెండో నరకంలో పుట్టాలి, ఇవీ ఆ ఒట్టులో మాటలు. 1165లో ఆ ద్వారం అక్కడే ఉంది, ఆ రాతలూ ఉన్నాయి. నిన్నటిదాకా యశోవర్మకు దణ్ణం పెట్టిన గుమాస్తా, ఇవాళ కొత్త రాజు కొలువుకు వెళ్ళాలంటే నూటయాభై ఏళ్ళనాటి ఆ అక్షరాల పక్కనుంచే పోవాలి. వాటిలో అతని ముత్తాత పేరు కూడా ఉండొచ్చు. అతను చదువుతాడా, తల దించుకుని దాటేస్తాడా, పక్కవాడు చూస్తున్నాడేమోనని చూసుకుంటాడా? ఈ సీనులో ఎవరూ వణకనక్కర్లేదు. చెమట చుక్క కూడా వద్దు.

ఇంకోటి కూడా నీ దృష్టికి రాలేదు. యశోవర్మ మీద తిరుగుబాటు అదే మొదటిసారి కాదు. భరతరాహు అనేవాడు రాజభవనం మీద పడితే నగరాన్ని కాసే సైన్యం చెదిరిపోయిందనీ, శ్రీంద్రకుమారుడనే రాకుమారుడు నిలబడి పోరాడాడనీ, ఆయన్ని కాపాడుతూ ఇద్దరు అంగరక్షకులు ప్రాణాలిచ్చారనీ బాంతే ఛ్మార్ గుడి శాసనం చెబుతుంది. వాళ్ళకు గుళ్ళో విగ్రహాలు పెట్టారు. అంటే ఒకడు ప్రయత్నించి ఓడిపోయాడు, ఆ తర్వాత ఇంకొకడు గెలిచాడు. మొదటివాడు పోరాడుతుంటే రెండోవాడు ఎక్కడున్నాడు? రాజు పక్షానే నిలబడి ఉంటాడా? ఇది మనకు ఏ రాయీ చెప్పదు, కాబట్టి ఊహించుకునే హక్కు నీకుంది. నవలా రచయితకు దొరికిన ఖాళీ స్థలం అంటే ఇదీ. నువ్వేమో ఖాళీగా ఉన్న చోట చరిత్ర పాఠం చెప్పావు, రాతి మీద స్పష్టంగా ఉన్న చోట కల్పన చేశావు.

ఇక చిన్న తప్పులు. చిన్నవే కానీ తెలిసినవాడు చదివితే పుస్తకం మూసేస్తాడు. నీ రాజు కిటికీలోంచి బాయోన్ గోపురాల నవ్వు ముఖాలు చూస్తాడు. బాయోన్ అప్పటికి లేదు. ఆ ముఖాలు, వైపుకు మూడు కిలోమీటర్ల చొప్పున నగరం చుట్టూ ఉన్న అంగ్‌కోర్ థోమ్ రాతి గోడ, దాని కందకం, అన్నీ జయవర్మ తర్వాత కట్టించినవే. నిజానికి రాజధాని ఒకసారి శత్రువు పాలయ్యాక కట్టిన గోడ అది. నీ రాజుకు ఆ గోడ రక్షణ లేదు. ఈ ఒక్క మాట చాలు, చివరి అధ్యాయానికి ప్రాణం వస్తుంది. అతను చూడగలిగినవి చెబుతాను: విమానంలా లేచిన ఫిమెయానకస్, పక్కనే బాఫువోన్ గుడి, దక్షిణాన పాతికేళ్ళ కిందటి దాకా పని జరిగిన విష్ణ్వాలయం అంగ్‌కోర్ వాట్, పడమర ఎనిమిది కిలోమీటర్ల పొడవున సముద్రంలా పరుచుకున్న చెరువు. ఊరి పేరు యశోధరపురం. నీ వంటవాడు చేపల పులుసులో ఎండుమిర్చి వేస్తాడు. మిరప అమెరికా ఖండం నుంచి పదహారో శతాబ్దంలో గానీ ఆసియాకు రాలేదు. మిరియాలు వెయ్యి, సరిపోతుంది.

చామ్‌ల నావికాదళం ‘అమావాస్య చీకట్లో’ వచ్చిందన్నావు. చీనా వృత్తాంతం ప్రకారం దాడి జరిగింది 1177 ఐదో నెల పదిహేనో రోజున. వాళ్ళది చాంద్రమానం. పదిహేనో రోజంటే పున్నమి. పైగా అది వానలు మొదలయ్యే కాలం. మెకాంగ్ నది పొంగితే ఆ తాకిడికి టోన్లే సాప్ నది దిశ మార్చుకుని వెనక్కి, సరస్సు వైపు ప్రవహిస్తుంది. సరస్సు ఎండాకాలపు కొలతకు ఐదారు రెట్లు పెరుగుతుంది. అంటే సముద్రం నుంచి మెకాంగ్ మీద ఎదురీదుతూ వచ్చిన పడవలకు, సరస్సు దారి పట్టాక నీరు వాటంగా మారే రోజులు దగ్గరపడ్డాయన్నమాట. రాజధాని దక్షిణాన ఉన్నది ఆ సరస్సే. పున్నమి వెన్నెల, పొంగే నీరు, గోడ లేని నగరం. నీ అమావాస్య కంటే ఇది ఎంత భయంకరంగా ఉందో నువ్వే చూడు. సంధి అడిగినా ఒప్పుకోలేదని కూడా ఆ వృత్తాంతం చెబుతుంది. ఎవరు అడిగారు, ఏం ఇవ్వజూపారు అన్నది నువ్వు రాయాలి.

గమనించావో లేదో, శాసనంలో రథాలున్నాయి, చీనా రాతల్లో పడవలున్నాయి. ఈ దాడి కథనాన్నే శంకించిన చరిత్రకారులున్నారు. జయవర్మ అన్నేళ్ళు చంపాలో ఊరికే కూర్చోలేదు, చామ్‌లలో కొందరితో ఆయనకు పొత్తు ఉండి ఉండొచ్చన్నవాళ్ళూ ఉన్నారు. నువ్వు ఈ తగువు తీర్చే పని పెట్టుకోకు. నది ఒడ్డున బతికినవాడు పడవలని చెప్పనీ, గుళ్ళో శ్లోకం విన్నవాడు రథాలని చెప్పనీ. ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చుని వాదించుకోనీ. జయవర్మ మాత్రం నీ చేతిలో మరీ దేవుడైపోయాడు. నిజమే, ఆయన నూట రెండు ఆసుపత్రులు నడిపాడని శాసనం, ప్రజల ఒంటి నొప్పి తనకు మనసు నొప్పి అని రాయించుకున్నాడు. కానీ నీ నవల జరుగుతున్న కాలంలో ఆయన ఇంకా ఏ ఆసుపత్రీ కట్టని మనిషి. నలభై దాటిన వయసులో, సమయం కోసం కాచుకుని ఉన్నవాడు. త్రిభువనాదిత్యవర్మ వైపు నుంచి చూస్తే అతనికి తెలిసిన జయవర్మ అదే.

నువ్వు పూర్తిగా వదిలేసిన గుర్రాల కథ ఒకటి ఉంది. ఇది రాయకపోతే నేను ఊరుకోను. అప్పట్లో చామ్‌లకూ ఖ్మేర్‌లకూ ఏనుగుల యుద్ధం, ఎటూ తేలేది కాదు. 1171లో ఓడ దెబ్బతిని చంపా తీరానికి కొట్టుకొచ్చిన ఒక చీనా అధికారి, గుర్రం మీద కూర్చుని బాణం వేయడం ఎలాగో చామ్ రాజుకు చూపించాడు. రాజు సంబరపడి గుర్రాలు కొనడానికి మనుషుల్ని పంపాడు. మొదట కొన్ని దొరికాయి. మరుసటి ఏడు హైనాన్ ద్వీపానికి ఎక్కువమందిని పంపితే అక్కడి అధికారులు అమ్మమని తిప్పి పంపేశారు. గుర్రాలు లేకపోయేసరికి పడవల దారి పట్టాడు. చూశావా? కంబుజ రాజు తలరాత ఎక్కడో చైనా రేవులో గుర్రాల బేరం చెడిపోవడంతో మారింది, ఆ సంగతి అతనికి చెవిన పడి ఉండకపోవచ్చు కూడా. నీ పుస్తకంలో అతని పతనానికి కారణం ‘చేసిన పాపం పండటం’. పాపం పండటం ధర్మసూత్రం, నవలకు పనికిరాదు. గుర్రాల బేరం పనికొస్తుంది.

రోజువారీ పాలన గురించి నువ్వు ఒక్క పేజీ రాయలేదు. అతని తల మీద కత్తి వేలాడుతోందని నీకు తెలుసు కాబట్టి అతనికి వేరే పనేమీ లేదనుకున్నావు. కానీ అతను ఏలిన కాలం చిన్నదేం కాదు. గద్దెనెక్కిన ఏడు పుట్టిన పిల్లవాడు 1177 నాటికి గేదెలు తోలుకెళ్ళే వయసువాడు, వాడికి తెలిసిన రాజు ఈయనొక్కడే. చెరువు గట్లు ఎవరు చూశారు? గుడి మాన్యాల తగువులు ఎవరు తీర్చారు? 1296లో వచ్చిన చీనా రాయబార బృందంలోని ఝౌ దాగువాన్, రాజు రోజుకు రెండుసార్లు కొలువు తీరి బంగారు కిటికీలో కత్తి పట్టుకుని కనిపించేవాడనీ, బజారులో బేరాలన్నీ ఆడవాళ్ళే చూసుకునేవాళ్ళనీ, కొట్లు లేవు, నేల మీద చాప పరుచుకుని అమ్మేవాళ్ళనీ రాశాడు. నీ కాలానికి వందేళ్ళ తర్వాతి మాటే. కానీ బాయోన్ గోడల మీద, నీ రాజు పోయిన కొన్నేళ్ళకే చెక్కిన శిల్పాల్లోనూ ఆ బజారు ఆడవాళ్ళున్నారు, కోడిపందేలున్నాయి, కాన్పు జరుగుతున్న ఇల్లుంది, కాగుతున్న గంగాళంలోకి పందిని దింపుతున్న వంటవాళ్ళున్నారు. వాళ్ళలో నడివయసువాళ్ళంతా త్రిభువనాదిత్యవర్మ కింద బతికినవాళ్ళే.

ఝౌ దాగువాన్‌ని ఇంకో కారణానికి కూడా చదవమంటాను. ఆయన చూసిన రాజు కూడా లాక్కున్నవాడే. ముసలి రాజు అల్లుడు. కూతురు తండ్రి బంగారు కత్తి దొంగిలించి మొగుడికిచ్చింది, అడ్డుపడబోయిన కొడుకును పట్టుకుని కాలివేళ్ళు నరికి చీకటి గదిలో పడేశారు. ఒంట్లో మహిమగల ఇనుము పెట్టించుకున్నాడు కాబట్టి కత్తులూ బాణాలూ ఏం చేయలేవనే ధైర్యంతో ఆ కొత్త రాజు బయట తిరుగుతున్నాడని కూడా రాశాడు. ఇదంతా బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెబుతాడు. మంచీచెడూ మాట్లాడడు, నక్కలు కూయవు. ఆ గొంతు నీకు కొన్నాళ్ళు అలవాటు కావాలి.

మొత్తం తిరగరాయమని అనను, టెన్షన్ పడకు. ముందు ఒక్క పని చెయ్. తూర్పు ద్వారం దగ్గర గుమాస్తా సీను రాయి. అందులో రాజు కనపడకూడదు, జయవర్మ పేరు రాకూడదు, 1177 గురించి ఒక్క సూచన కూడా ఉండకూడదు. పది పేజీలు దాటనివ్వకు. అది కుదిరితే మిగతా అధ్యాయాలు ఏ గొంతులో సాగాలో నీకే తెలుస్తుంది. కుదరకపోతే ఫోన్ చెయ్, మాట్లాడుకుందాం. ఈసారి పీడీఎఫ్ వద్దు, వర్డ్ ఫైల్ పంపు, పక్కన గీకడానికి నాకు అదే తేలిక. ఎండుమిర్చి మాత్రం ఇవాళే తీసెయ్.

ఉంటాను,
అన్నయ్య